నాన్నగారి డబుల్ బ్యారెల్ అమ్మి టాక్టికల్ తుపాకీ కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. నాకు 41 ఏళ్లు. తొమ్మిది ఎకరాల్లో నాలుగెకరాలు వేరుశనగ, మిగతాది చీనీ (బత్తాయి) తోట. మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆయన 1984లో పాతదిగా కొన్న 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఉంది. దాన్ని నా పేరుకు మార్చుకోవాలి. డీలరు పాత తుపాకీని 60 వేలకు తీసుకుని, 1,55,000 రూపాయలకు టాక్టికల్ పంప్ యాక్షన్ ఇస్తానంటున్నాడు. తేడాకు ఇంట్లో బంగారం తాకట్టు పెడదామనుకుంటున్నాను. చేను కొండకు ఆనుకుని ఉంది. కిందటేడు అడవి పందులు అరెకరం వేరుశనగ తవ్వేశాయి, 25 వేల దాకా పోయింది. కొత్త తుపాకీ విలువ పెరుగుతుందా? ఈ ఖర్చు సబబేనా? సోలార్ కంచెకు 1,10,000 అడిగారు కాబట్టి అది వదిలేశాను. బీమా పాలసీలు ఏవీ లేవు.

జవాబు: ఉత్తరంతో మీరు పంపిన రెండు ఫోటోలూ చూశాను. మొదటిది డీలరు ఇచ్చిన కొటేషన్ కాగితం. తుపాకీ ధర కింద చిన్న అక్షరాలతో ఇంకో రెండు వరుసలున్నాయి: టార్చి లైటుకు 9 వేలు, భుజానికి తగిలించుకునే పట్టీకి 2,500. అంటే మీరు కట్టాల్సింది 1,66,500. పాతది ఇచ్చేశాక కూడా చేతి నుంచి పడేది 95 వేలు కాదు, 1,06,500. బంగారం మీద పది శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి పది వేల ఆరు వందల పైచిలుకు. పందులు తిన్నదానిలో సగానికి కాస్త తక్కువ, మీరే ఏటా వడ్డీగా కడతారన్నమాట.

నా సలహా: పాతది అమ్మవద్దు, కొత్తది కొనవద్దు. డబ్బు లెక్కకంటే ముందు లైసెన్సు సంగతి చూడండి.

2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికి ఉండగానే వారసుల్లో ఒకరి పేరు చెప్పి వారికి లైసెన్సు ఇవ్వమని కోరవచ్చు. మీ నాన్నగారికి రెండు అర్హతలూ ఉన్నాయి. కానీ ఈ సౌకర్యం ఆ తుపాకీని పట్టుకుని వచ్చేది. అది ముందే డీలరు బీరువాలోకి వెళ్లిపోతే మీకు వారసత్వంగా ఏం మిగులుతుంది? అప్పుడు మీరూ అందరిలాంటి కొత్త దరఖాస్తుదారే. తుపాకీ ఎందుకు కావాలో కలెక్టరేట్‌లో మొదటి నుంచి చెప్పుకోవాలి. పోలీసు విచారణ, శిక్షణ ధ్రువపత్రం ఎలా వెళ్లినా తప్పవు. వారసుడిగా వెళ్తే మాత్రం ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు నలభై ఏళ్లుగా మీ ఇంట్లోనే ఉంది. డీలరు ఈ మాట చెప్పలేదంటే ఆయన్ని తప్పుపట్టను. ఆయన అమ్మేవాడు.

ఇక టాక్టికల్ గురించి. ఆ మాట తుపాకీ జాతిని చెప్పదు, వేషాన్ని చెబుతుంది. 12 బోరు అంటే ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. మీ నాన్నగారి తుపాకీదీ అదే బోరు, డీలరు చూపించినదానిదీ అదే బోరు. ఒకే రకం తూటా రెండింట్లో వేస్తే బలం దాదాపు ఒకటే. భుజానికి ఆన్చే నల్ల ప్లాస్టిక్ మడమ, పిస్తోలు లాంటి పిడి, లైటు బిగించే పట్టాలు తూటాకు చేర్చే బలం ఏమీ లేదు.

నిజమైన తేడా లోపలి పనితీరులో ఉంది. డబుల్ బ్యారెల్‌లో రెండు తూటాలు, అంతే. పంప్ యాక్షన్‌లో గొట్టం కింద ఇంకో గొట్టం ఉంటుంది, అందులో నాలుగైదు తూటాలు వరుసగా పడుకుంటాయి. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తూటా ఎగిరిపడి కొత్తది ఎక్కుతుంది. రోజూ సాధన చేసే పోలీసుకో భద్రతా సిబ్బందికో ఇది మంచి పనిముట్టే, కాదనను. ఏడాదికి ఒకసారి కూడా పేల్చని రైతు అర్ధరాత్రి చీకట్లో కంగారుగా ఆ పిడిని సగమే లాగితే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. డబుల్ బ్యారెల్‌లో ఒక గొట్టం మొరాయించినా రెండోది విడిగా పనిచేస్తుంది. పైగా మీటను బొటనవేలితో పక్కకు నొక్కి మడిచి పట్టుకుంటే రెండు గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. లోపల ఏమీ లేదని ఇంట్లో పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుస్తుంది. పంప్ యాక్షన్ విషయంలో ఆ భరోసా అంత తేలికగా రాదు.

ఆ కొటేషన్‌లో తుపాకీ రంగు రాశారు, గొట్టం పొడవు రాయలేదు. అసలు చూడాల్సింది అదే. అమెరికా చట్టంలో కనీస పొడవు 18 అంగుళాలు. అందుకే అక్కడ టాక్టికల్ పేరుతో అమ్మేవి చాలావరకు పద్దెనిమిదిన్నర అంగుళాల దగ్గర ఉంటాయి, వీడియోల్లో మీరు చూసేవీ అవే. మన ఆయుధ చట్టంలో ఆత్మరక్షణకు, క్రీడకు మామూలు పౌరుడికి లైసెన్సు ఇచ్చే నున్నటి గొట్టం (లోపల గాడులు లేని) తుపాకీలో ఆ గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. అంతకంటే పొట్టివి, సెమీ ఆటోమేటిక్‌వి (పేల్చిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కేవి) వేరే తరగతి. అవి కలెక్టరు చేతిలో ఉండవు. మన ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో తయారైన పంప్ యాక్షన్ అయినా సరే, పొడవు కాగితం మీద లేకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

విలువ పెరుగుతుందా అన్నారు. తుపాకీ బంగారం కాదు. దుకాణంలోకి నడిచి వెళ్లి అమ్మలేరు. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అతని లైసెన్సులో ఖాళీ ఉండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అంతకుముందు మూడు. ఇంకో వ్యక్తికి అమ్మాలంటే ముందుగా అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఇంత ఇరుకైన సంతలో కొత్త సరుకు కొన్న మరుసటి రోజే పాత సరుకు అవుతుంది. ధర నిలబెట్టుకునేవి ఏవైనా ఉన్నాయంటే అవి పాత విదేశీ డబుల్ బ్యారెళ్లు. మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి చాలా ఏళ్లుగా మూసుకుపోయి ఉండటమే కారణం. మీ నాన్నగారిది ఏ కంపెనీదో మీరు రాయలేదు. 60 వేలు ఇస్తానన్న మనిషి మాత్రం అది చూసే ఉంటాడు.

ఇంకో ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్‌లోనో డీలరు దగ్గరో ఉంటుంది, ఇంట్లో ఉండదు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఎనభై రోజులు. లక్షన్నర వస్తువు అన్ని రోజులు ఎవరి గదిలోనో దుమ్ము పట్టి ఉండటం మీకు అభ్యంతరం కాకపోతే సరే. మన సీమలో తుపాకీకి ఉన్న పరపతి నాకు తెలియనిది కాదు. ఆ పరపతి కోసమే అయితే పెళ్లి పందిట్లో పేల్చే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా సంబరానికి పేల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అసలు మీ నష్టం పందుల వల్ల. వాటిని కాల్చడానికి మీ లైసెన్సు చాలదు. అడవి పంది ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా చంపితే కేసు మీ మీదే. అనుమతి దొరికినా రెండు తూటాలా ఐదు తూటాలా అన్నది అక్కడ ప్రశ్న కాదు. పంది చేలోకి వచ్చేది మీరు నిద్రపోయాక.

కాబట్టి కంచె మాటకు తిరిగి రండి. 1,10,000 తొమ్మిది ఎకరాలకు అడిగి ఉంటారు. కొండ వైపు అంచుకు మాత్రమే, అదీ వేరుశనగ నాలుగెకరాలకే ఎంతవుతుందో ఇంకో ఇద్దరిని అడగండి. మిగిలిన మూడు వైపులా మీ ఊళ్లో అందరూ కట్టే పాత చీరలే కట్టుకోండి. ఊడలు దిగి కాయ ఊరే రోజుల నుంచి కోత దాకా అవి గాలికి ఊగుతుంటే కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత పందులకూ అలవాటవుతుంది. ఇంటి కరెంటును తీగకు కలిపే పని మాత్రం చేయకండి. పక్క చేనువాళ్లే చనిపోతారు. పంటల బీమాలో 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టాన్ని అదనపు రక్షణగా చేర్చుకునే వీలు కేంద్రం కల్పించింది. రాష్ట్రం ప్రకటించిన జంతువులకు, ప్రాంతాలకే అది వర్తిస్తుంది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో తెలపాలి. రైతు సేవా కేంద్రంలో మీ మండలం పేరు చెప్పి అడగండి.

ఉత్తరం చివర్లో ‘పాలసీలు ఏవీ లేవు’ అని ఒక ముక్క రాసి వదిలేశారు. నాకు తుపాకీ కంటే అదే ఎక్కువ భయం కలిగించింది. మీ బ్యాంకుకు వెళ్లి ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) రెండూ ఈ వారమే తీసుకోండి. ఒక్కోదానికి రెండు లక్షలు. అవి చాలవు. మీ మీద ఆధారపడిన వాళ్ల సంఖ్య, అప్పుల వివరాలు రాస్తే టర్మ్ పాలసీ ఎంతకు ఉండాలో చెబుతాను. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

రెండో ఫోటో మాట మిగిలింది. మడిచి పట్టుకున్న గొట్టాల కింద ‘12’ పక్కన ‘2½’ అని చెక్కి ఉంది. అంటే అది 65 మిల్లీమీటర్ల పాత రకం తూటాకు చేసిన తుపాకీ. ఇప్పుడు ఎక్కువగా అమ్మే 70 మిల్లీమీటర్లది అందులో దూరుతుంది, మూతా పడుతుంది. పేల్చినప్పుడు తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. లైసెన్సు మీ పేరుకు వచ్చాక మొదటి ఖర్చుగా, తుపాకులు బాగుచేసే పనివాడి దగ్గర గొట్టాల లోపలి గోడ, మూసినప్పుడు గొట్టాలను బిగించే తాళం పట్టు చూపించండి. అంతవరకు ఇంట్లో ఉన్న పాత తూటాల పెట్టె నాన్నగారి దగ్గరే తాళం వేసి ఉండనివ్వండి.