పి53ని వీరుణ్ణి చెయ్యకు

తమ్ముడూ,

క్యాన్సర్‌ని అడ్డుకునే ప్రొటీన్ పి53 మీద నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "పి53 అనే వీరుడు కణంలో నిరంతరం కత్తి పట్టుకుని కాపలా కాస్తుంటాడు" అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది.

మామూలు కణంలో పి53 చాలా కొద్దిగానే ఉంటుంది. కణం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది, తయారైంది తయారైనట్టే నాశనం చేస్తూనే ఉంటుంది. ఎండీఎం2 అనే ప్రొటీన్ దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ని నాశనానికి గుర్తుగా తగిలిస్తే, ప్రొటీన్లని నరికే ప్రోటియాజోమ్ అనే యంత్రం దాన్ని ముక్కలు చేసేస్తుంది. డీఎన్ఏ తెగినప్పుడు ఏటీఎం, చెక్2 లాంటి కైనేజులు, అంటే ఫాస్ఫేట్లు తగిలించే ఎంజైములు, పి53కి ఫాస్ఫేట్లు అతికిస్తాయి, ఎండీఎం2 పట్టు సడలుతుంది, అప్పుడు గానీ పి53 పోగుపడదు. పోగుపడి, కణ విభజనను ఆపే జన్యువులతో పాటు, తనను నాశనం చేసే ఎండీఎం2 జన్యువుని కూడా అదే ఆన్ చేస్తుంది! ఇది వదిలేసి పి53 గురించి ఎలా రాశావయ్యా?

పైగా ఎండీఎం2ని విలన్ అన్నావు. కొన్ని సార్కోమాల్లో (కొవ్వు, కండరం, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లలో) దాని జన్యువు కాపీలు పెరిగిపోయి హాని చేసే మాట నిజమే. కానీ 1995లో ఎలుకల్లో ఆ జన్యువు తీసేస్తే పిండాలు గర్భంలోనే చనిపోయాయి, పి53ని కూడా తీసేస్తే బతికాయి. అదుపు లేని పి53 అంత ప్రమాదం.

ఈ వీరగాథల పిచ్చి అంటించింది సంపాదకులే. "పాఠకులకి యుబిక్విటిన్ ఎందుకండీ, యుద్ధంలా రాయండి" అని ఒకాయన నా వ్యాసంలో ఎండీఎం2 భాగం మొత్తం కోసేశాడు. అది అచ్చయ్యాక, భర్తకి క్యాన్సర్ ఉన్న ఒకావిడ, బయాప్సీ రిపోర్టులో పి53 బాగా ఎక్కువగా ఉందన్నారు, అంటే ఆయన కోలుకుంటున్నట్టేనా అని ఉత్తరం రాసింది. కణితిలో అలా పేరుకునేది చాలాసార్లు మ్యుటేషన్‌తో చెడిపోయిన, పనిచేయని పి53. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక ఎంత నలిగిపోయానో. కోసేసిన భాగం ఉండుంటే, ఎక్కువుంటే మంచిదనే ఆశ ఆవిడకి కలిగేదే కాదు. ఆ సంపాదకుణ్ణి నేనింకా క్షమించలేదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఆర్‌బీ పేరా మార్చు. అదీ పి53 లాగే కణ విభజనని ఆపే ప్రొటీనే. దాన్ని ఆపడానికి కణం నాశనం చెయ్యక్కర్లేదు, సీడీకే4, సీడీకే6 అనే కైనేజులు ఫాస్ఫేట్లు తగిలిస్తే చాలు, విభజన జన్యువుల్ని ఆన్ చేసే ఈ2ఎఫ్ అనే ప్రొటీన్‌ని ఆర్‌బీ వదిలేస్తుంది, విభజన మొదలవుతుంది. రెండింటి అదుపూ వేరువేరు, నువ్వు ఒకే గాటన కట్టేశావు. కత్తి తీసేసి మళ్లీ రాసి పంపు, చదువుతాను.