బెర్న్‌లో మూడు రోజులు: ఏం చూడాలి, ఏం తినాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు స్విట్జర్లాండ్ గురించినవే. మూడింటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. సెప్టెంబరులో నేనూ నా భార్యా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. స్విట్జర్లాండ్‌కు మూడు రోజులు మాత్రమే వీలవుతుంది. మంచుకొండలు ఎక్కి దిగే ఓపిక లేదు. ఒకే ఊరిలో ఉండి, నిదానంగా తిరిగి, అక్కడి వంటకాలు రుచి చూడాలని ఉంది. మేము శాకాహారులం. పాలు, వెన్న, చీజ్ తింటాం కానీ గుడ్డు ముట్టం. ఏ ఊరు ఎంచుకోమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీరు బెర్న్ వెళ్లండి. మూడు రోజుల్లో జ్యూరిక్, లూసెర్న్, ఇంటర్‌లాకెన్ అన్నీ చుట్టేయాలనుకునేవారు రైలు కిటికీలోంచి చూసినదే ఎక్కువ, ఊళ్లో నడిచినది తక్కువ అవుతుంది. బెర్న్ అలా కాదు. ఆరె నది మూడు వైపులా చుట్టి ప్రవహిస్తూ ఉంటే, ఆ మెలికలో ఒదిగి ఉన్న పాత పట్టణాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి కాలినడకనే చూసిరావచ్చు. 1191లో వెలసిన ఈ ఊరు 1405 నాటి అగ్నిప్రమాదంలో చాలామటుకు కాలిపోగా, తరువాత ఇసుకరాతితో తిరిగి కట్టుకున్నారు. 1983లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా వచ్చే రైళ్లున్నాయి, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. మీ షెంగెన్ వీసా అక్కడ చెల్లుతుంది కానీ నాణెం వేరు, యూరో కాదు, స్విస్ ఫ్రాంక్. బస చేసే అతిథులకు హోటళ్లవారు ఇచ్చే బెర్న్ టికెట్‌తో ఊళ్లోని ట్రాములు, బస్సులు ఉచితంగా ఎక్కవచ్చు కనుక, గదిలో దిగగానే దాన్ని అడిగి తీసుకోండి.

వాన పడినా మీ నడక ఆగదు. పాత పట్టణంలో ప్రతి ఇంటి ముందుభాగం కమానులతో కూడిన పంచలా వీధిలోకి వచ్చి ఉంటుంది. పక్కపక్క ఇళ్ల పంచలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, మొత్తం ఆరు కిలోమీటర్ల నీడబాటగా ఏర్పడ్డాయి. వీటిని అక్కడివారు లౌబెన్ అంటారు. మన పాత పెంకుటిళ్ల వీధి అరుగులు చూసి పెరిగినవారికి ఆ నడక కొత్తగా అనిపించదు. వీధుల మధ్యలో పదహారో శతాబ్దపు రంగురంగుల బొమ్మల ఫౌంటెన్లు కనిపిస్తాయి. తాగడానికి వీల్లేదని బోర్డు లేనిచోట ఆ నీళ్లు నిస్సంకోచంగా సీసాలో పట్టుకోవచ్చు. హోటల్లో సీసా నీళ్లకు పెట్టే ఖర్చు చూస్తే దీని విలువ తెలుస్తుంది.

మీరు తప్పక నిలబడి చూడవలసినది జైట్‌గ్లాగె అనే గడియార స్తంభం. ఒకప్పుడు ఇది పట్టణానికి పడమటి ద్వారం. దానిమీది ఖగోళ గడియారం 1530 నాటిది. గంట కొట్టడానికి ఐదారు నిమిషాల ముందే తూర్పు ముఖం వైపు చేరి, తల ఎత్తి నిలబడండి. ముందు ఎడమవైపు కోడిపుంజు కూస్తుంది. ఆ వెంటనే పైన కూర్చున్న విదూషకుడు, ఇంకా వేళ కాకముందే, తన గంటలు మోగించేస్తాడు. కింద ఎలుగుబంట్ల ఊరేగింపు గుండ్రంగా తిరుగుతుంది. కోడి మళ్లీ కూశాక, సింహాసనం మీది కాలపురుషుడు ఇసుక గడియారాన్ని తిప్పుతాడు. అప్పుడు శిఖరం మీది బంగారు రంగు మనిషి సుత్తి ఎత్తి అసలు గంట కొడతాడు. కరెంటు లేని కాలంలో, పళ్లచక్రాలతో, బరువులతో ఇదంతా ఒక వరుసలో నడిపించిన పనితనాన్ని భౌతికశాస్త్రం చెప్పిన మీరు అందరికంటే బాగా మెచ్చుకుంటారు. వీలైతే స్తంభం లోపలికి తీసుకువెళ్లి ఆ యంత్రాన్ని చూపించే పర్యటనకు టికెట్ కొనుక్కోండి.

అక్కడికి కొద్ది అడుగుల దూరంలోనే, క్రామ్‌గాసె వీధిలో 49వ నంబరు ఇల్లు ఉంది. బెర్న్ పేటెంటు కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 1903 నుంచి 1905 వరకు, ఐన్‌స్టీన్ భార్య మిలేవాతో కాపురం ఉన్నది ఈ ఇంటి రెండో అంతస్తులోనే. కాంతివిద్యుత్ ఫలితం, బ్రౌనియన్ చలనం, ప్రత్యేక సాపేక్షత మీద ఆయన పత్రాలు వెలువడిన 1905వ సంవత్సరం ఈ వీధితో ముడిపడి ఉంది. గదులు చిన్నవి, మెట్లు ఇరుకు, చూడటానికి గంట చాలు. అయినా, ఏళ్ల తరబడి నల్లబల్ల మీద ఆ సమీకరణాలు రాసిన వ్యక్తి అక్కడి కిటికీ దగ్గర నిలబడి కింది వీధిని చూడటం మామూలు సంగతి కాదు. ఈ ప్రయాణంలో ఇంకేది వదులుకున్నా దీన్ని మాత్రం వదులుకోవద్దు.

ప్రధాన చర్చి మున్‌స్టర్ కట్టడం 1421లో మొదలైతే, వంద మీటర్ల శిఖరం పూర్తయింది 1893లో. పైదాకా మూడు వందలకు పైగా మెట్లు కనుక మీరు ఎక్కనక్కరలేదు. ముఖద్వారం మీద చెక్కిన తుది తీర్పు శిల్పాలను తీరిగ్గా చూసి, వెనుకనున్న చెట్లనీడ మైదానంలో కూర్చుని కింద పారే ఆరె నదిని చూడండి. సాయంత్రం నది దాటి, ఎలుగుబంట్ల పార్కు మీదుగా గులాబీ తోటకు వెళితే ఊరంతా ఎర్రటి పెంకుల కప్పులతో కాళ్లకింద పరిచినట్టు కనిపిస్తుంది. మన సినిమా పాటల్లో చూసిన మంచుకొండలు ఒక్కసారైనా చూడాలని మీ ఇంట్లోవారు అంటే, ఆకాశం తేటగా ఉన్న పూట గుర్టెన్ గుట్టకు పొండి. 1899 నుంచి నడుస్తున్న చిన్న రైలు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అక్కడి నుంచి ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు వరుసగా దర్శనమిస్తాయి.

ఇక తిండి. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. స్విస్ చీజ్ అంతా శాకాహారమేనని చాలామంది అనుకుంటారు. కానీ పాలు విరగడానికి వాడే రెన్నెట్ అనే పదార్థాన్ని దూడ కడుపు పొరల నుంచి తీస్తారు. గ్రుయేర్, ఎమ్మెంటాల్ వంటి సంప్రదాయపు చీజ్‌లు దానితో చేసినవే. మీ నియమం అంతదాకా వర్తిస్తుందా లేదా అన్నది మీరే నిర్ణయించుకోవాలి, కానీ తెలిసి నిర్ణయించుకోవాలి. వర్తిస్తుందంటే, సూపర్‌మార్కెట్లలో పసుపు రంగు మీద ఆకుతో కూడిన వి గుర్తున్న చీజ్ వెతకండి, సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసినవి దొరుకుతాయి. హోటల్లోనైతే 'లాబ్' అని అడిగితే వారికి అర్థమవుతుంది, రెన్నెట్‌కు జర్మన్ మాట అది.

ఆ అభ్యంతరం లేకపోతే ఫాండ్యూ, అంటే కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచి తినే వంటకం, తినండి, అయితే మరో మాట. ఇందులో తెల్ల ద్రాక్షసారా, తరచుగా కిర్ష్ అనే చెర్రీ సారా కూడా పోస్తారు. మద్యం ముట్టనివారు అది లేకుండా చేయగలరా అని ముందే అడగాలి, కొన్నిచోట్ల ఆపిల్ రసంతో చేసి ఇస్తారు. బెర్న్‌కు పక్కనే ఉన్న ఫ్రీబూర్ ప్రాంతపు పద్ధతిలో గ్రుయేర్ సగం, వాషరాన్ అనే మరో చీజ్ సగం కరిగిస్తారు. మందపాటి మట్టి లేదా ఇనుప కుండ కింద సన్నని మంట వెలుగుతూ ఉంటుంది. పొడవాటి ఫోర్కుకు రొట్టెముక్క గుచ్చి, చీజ్ అడుగంటకుండా కుండ అడుగుదాకా తిప్పుతూ తీసుకోవాలి. అంతా అయ్యాక కుండ అడుగున బంగారు రంగులో ఒక పలుచని పొర మిగులుతుంది. మనింట్లో కోవా కాచిన గిన్నె అడుగు గీకి పిల్లలకు పెట్టినట్టే, దాన్ని ఊడదీసి అందరూ పంచుకుంటారు. నా మటుకు ఫాండ్యూలో అసలు రుచి అదే.

రోష్టి బెర్న్ రైతుల ఉదయపు ఆహారం. ఉడికించిన బంగాళాదుంపను తురిమి, వెన్నలో రెండువైపులా కరకరలాడేలా దిబ్బరొట్టెలా కాలుస్తారు. జర్మన్ మాట్లాడే ప్రాంతానికీ ఫ్రెంచి మాట్లాడే ప్రాంతానికీ మధ్యనున్న తేడాను ఆ దేశంలో 'రోష్టి కందకం' అంటారంటే, ఈ వంటకం వారికి ఎంత సొంతమో చూడండి. అయితే బెర్న్ పద్ధతిలో పందిమాంసపు ముక్కలు కలుపుతారు, కొన్నిచోట్ల పైన గుడ్డు వేస్తారు. 'ఓనె ష్పెక్, ఓనె ఐ', అంటే ఆ మాంసమూ గుడ్డూ లేకుండా అని, ఒక కాగితం మీద రాసుకుని చూపించండి. పాస్తాలో గుడ్డు కలిసే అవకాశం ఉంది, మెరింగ్‌లు గుడ్డు తెల్లసొనతో చేసినవే, సూపుల్లో మాంసపు రసం ఉండవచ్చు. ఇవన్నీ అడిగి తెలుసుకోవలసినవే. ఉదయం పూటకు మాత్రం చింత లేదు. జ్యూరిక్ వైద్యుడు బిర్షర్ బెన్నర్ తన రోగుల కోసం రూపొందించిన ముయెస్లి, అంటే నానబెట్టిన ఓట్స్‌లో తురిమిన ఆపిల్, గింజలు, పాలు కలిపిన ఫలహారం, ఎక్కడైనా దొరుకుతుంది.

మంగళవారం గానీ శనివారం గానీ ఉదయం మీరు బెర్న్‌లో ఉండేలా చూసుకోండి. పార్లమెంటు భవనం ముందు కూరగాయలు, పండ్లు, రొట్టెల సంత సాగుతుంది. రొట్టె, ద్రాక్ష, ఆపిల్ కొనుక్కుని నది గట్టున కూర్చుని తింటే ఒక పూట భోజనం తక్కువ ఖర్చుతో తీరుతుంది. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, రైలు స్టేషన్‌లోనివి మాత్రం తెరుస్తారు.

మూడో రోజు ఉదయమే బయలుదేరి, గంట ప్రయాణంలో ఉన్న జ్యూరిక్‌లో దిగి, మధ్యాహ్న భోజనం హిల్టల్‌లో చేయండి. 1898లో మొదలైన ఈ శాకాహార భోజనశాల ప్రపంచంలోకెల్లా పాతదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దీనికీ మనకూ ఒక సంబంధం ఉంది. 1951లో ఢిల్లీలో జరిగిన శాకాహార మహాసభకు ఆ కుటుంబపు మార్‌గ్రిత్ హిల్టల్ హాజరై, మన వంటల రుచి మరిగి, తిరిగివెళ్లాక వాటిని తమ వంటింట్లోకి తెచ్చారు. ప్లేటులో వడ్డించుకున్నది తూకం వేసి డబ్బు తీసుకుంటారు కనుక, ముందు కొంచెం కొంచెం పెట్టుకోండి. భోజనమయ్యాక ఫ్రావ్‌మున్‌స్టర్ చర్చిలో చిత్రకారుడు షగాల్ రంగుటద్దాల కిటికీలు చూసుకుని, సాయంత్రం రైలుకు ఫ్రాంక్‌ఫర్ట్ చేరవచ్చు.

ప్రశ్న: స్విస్ చాక్లెట్‌కు అంత పేరు ఎలా వచ్చింది? మే నెలలో తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి తేవడం మంచిదేనా?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రుబ్బుడు వల్ల వచ్చింది. పిండి ఎంతసేపు రుబ్బితే అంత మెత్తన అని మనకు తెలిసిన సంగతే అక్కడా పనిచేసింది. 1879లో బెర్న్‌లో రోడాల్ఫ్ లింట్ అనే ఆయన చాక్లెట్ ముద్దను ఎంతోసేపు ఆపకుండా మర్దించే యంత్రాన్ని తయారుచేశారు. అంతకుముందు పళ్లకింద గరగరలాడే చాక్లెట్, అప్పటి నుంచి నాలుక మీద కరిగేదైంది. దానికి నాలుగేళ్ల ముందు వెవే పట్టణంలో డానియెల్ పీటర్ పాల చాక్లెట్ చేశారు. ముక్కోణపు టోబ్లరోన్ కూడా బెర్న్‌దే, 1908లో పుట్టింది.

మే నెలలో తేవడం మాత్రం నేను సూచించను. ఎండకు కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద కొవ్వు తేలి తెల్లటి పూత కడుతుంది. తినడానికి హాని లేకపోయినా ఆ నునుపు పోతుంది. తప్పదంటే ట్రఫుల్ వంటి మెత్తని రకాలు వదిలి గట్టి నల్ల చాక్లెట్ పలకలు కొని, చేతిసంచిలో బట్టల మధ్య పెట్టుకోండి.

ప్రశ్న: నవంబరు చివరలో పిల్లలతో బెర్న్ వెళ్తున్నాం. మాంసం తింటాం కానీ గొడ్డుమాంసం, పందిమాంసం తినం. ఏం దొరుకుతుంది? ఆ నెలలో చూడదగ్గ విశేషం ఏమైనా ఉందా?
– పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: రెండు ప్రసిద్ధ వంటకాలు మీకు పనికిరావు. బెర్నర్ ప్లాటె పళ్లెంలో పందిమాంసం, గొడ్డుమాంసం, సాసేజీలే ప్రధానం. జ్యూరిక్‌వారి గెష్నెట్‌జెల్టెస్ దూడమాంసం. తెల్లగా కనిపించే సాసేజ్‌లోనూ ఈ రెండు మాంసాలే ఉంటాయి. మెనూలో రిండ్, కాల్బ్, ష్వైన్ అన్న మాటలు కనబడితే వదిలేయండి, పూలె అంటే కోడి. ఎగ్లి అనే మంచినీటి చేపను పలుచగా కోసి వేయించి బంగాళాదుంపలతో ఇస్తారు, పిల్లలు ఇష్టంగా తింటారు.

విశేషం తప్పకుండా ఉంది. నవంబరు నాలుగో సోమవారం బెర్న్‌లో ఉల్లిపాయల సంత జరుగుతుంది. తెల్లవారకముందే, చీకట్లోనే మొదలవుతుంది. రైతులు ఉల్లిపాయలను ఎండిన పూలతో కలిపి జడలల్లి, టన్నులకొద్దీ తెచ్చి వేలాడదీసి అమ్ముతారు. పిల్లలు రంగుకాగితపు ముక్కలు ఒకరిమీద ఒకరు చల్లుకుంటారు. వేడివేడి ఉల్లి టార్ట్ ప్రతి మలుపులోనూ దొరుకుతుంది కానీ, అందులో పందిమాంసపు ముక్కలు వేసే అలవాటు ఉంది కనుక పైన చెప్పిన 'ఓనె ష్పెక్' అన్న మాట మీకూ అవసరమే. ఆదివారం రాత్రికే ఊరు చేరుకోండి, ఆ రోజుకు గదులు దొరకడం కష్టం కాబట్టి ఇప్పుడే మాట్లాడుకోండి, పిల్లలకు చేతి తొడుగులు మరిచిపోవద్దు.