నగలు తాకట్టు పెట్టి వీఆర్ గేమింగ్ సెంటరా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 30 వేలు వస్తుంది. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి 6 లక్షలు తెచ్చి, ఎయిర్ బైపాస్ రోడ్డులో నాలుగు హెడ్‌సెట్లతో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని ఆట లోపలే ఉన్నట్టు ఆడేది) గేమింగ్ సెంటర్ పెడదామనుకుంటున్నా. షాపు బాడుగ 25 వేలు. యాత్రికులు రోజూ కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కదా, నడుస్తుందంటారా?

జవాబు: నగలు బీరువాలోనే ఉండనివ్వండి. ముందు ఆ మాట చెప్పేసి లెక్కలోకి వస్తా.

యాత్రికుల మీద మీరు పెట్టుకున్న ఆశ నాకు అంతగా ఎక్కలేదు. కొండ దిగినవాళ్లు తిరుచానూరు చూసుకుని, కుదిరితే కాణిపాకమో శ్రీకాళహస్తో వెళ్లొచ్చి, రైలు టైముకి స్టేషన్‌లో ఉండాలనే హడావుడిలో ఉంటారు. గుండు చేయించిన పిల్లాడినీ లగేజీనీ పట్టుకుని మీ షాపు మెట్లెక్కేవాళ్లు ఎంతమంది? మీకొచ్చేది కాలేజీ పిల్లలే. వాళ్లకు పరీక్షలుంటాయి, సెలవులిస్తే ఊళ్లకెళ్లిపోతారు.

6 లక్షలు 12% వడ్డీకి తెచ్చి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 19,900. బాడుగ 25 వేలు, ఒక కుర్రాడికి 12 వేలు (హెడ్‌సెట్ తగిలించడానికి, తుడవడానికి, ఆడేవాడు గోడకు గుద్దుకోకుండా చూడటానికి మనిషి ఉండాల్సిందే), కరెంటు, నెట్ కలిపి 6 వేలు అనుకుందాం. మొత్తం 63 వేలు. ఆటకు 150 చొప్పున రోజుకు 14 ఆటలు పడితే ఖర్చులు పూడతాయి, అంతే. మీ 30 వేలు కూడా రావాలంటే 21 దాకా కావాలి, అదీ నెలలో ఒక్కరోజూ షట్టర్ దించకుండా. ఆదివారం వస్తారు సరే, మంగళవారం మధ్యాహ్నం ఎవరొస్తారు?

అసలు చిక్కు సామానుతో. ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా అమ్మే హెడ్‌సెట్ క్వెస్ట్ 2 వచ్చింది 2020లో, క్వెస్ట్ 3 2023లో, మరుసటి ఏడాదే అంతకంటే తక్కువ ధరకు క్వెస్ట్ 3ఎస్. సోనీ 2023లో 549 డాలర్లకు తెచ్చిన పీఎస్ వీఆర్2 హెడ్‌సెట్‌ని 2025లో 399కి దించేసింది. మీ అప్పు తీరేసరికి మీ హెడ్‌సెట్లు పాతసామానే. వీఆర్, స్మార్ట్ గ్లాసెస్ చూసుకునే మెటా విభాగం 2024 ఒక్క ఏడాదిలోనే 17 బిలియన్ డాలర్లకు పైగా నష్టం చూపించింది. వాళ్లు తట్టుకుంటారు, మీరు కిస్తీ తప్పితే నగలు వేలానికి వెళ్తాయి.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు: ఇంట్లో ఆడుకోవడానికి కొన్న గేమును డబ్బు తీసుకుని బయటివాళ్లతో ఆడించడానికి సాధారణంగా లైసెన్సు ఒప్పుకోదు, కమర్షియల్ లైసెన్సు వేరే తీసుకోవాలి. ఆ ఖర్చు నేను పై లెక్కలో వేయనే లేదు. దిగుమతి చేసి అమ్మే హెడ్‌సెట్లకు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బిల్లు మీద రాయించుకోండి.

మోజు బలంగా ఉంటే ఉద్యోగం మానకుండా, పొదుపులోంచి ఒక్క హెడ్‌సెట్ కొని, లైసెన్సున్న గేములతో శని, ఆదివారాల్లో పుట్టినరోజు ఫంక్షన్లకు, కాలేజీ ఫెస్టులకు తీసుకెళ్లి చూడండి, వచ్చిందీ పోయిందీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ. షాపు ఓనరుకు అడ్వాన్సు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ వారంలోనే వెళ్లి అడగండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆయన పట్టుకునేది పెరుగుతుంది.