ఆ నేల ఎవరిదో ముందు చెప్పు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కెనడాలో పెరుగుతున్న మన పిల్లల కోసం నువ్వు తెలుగులో రాసిన పుస్తకం ప్రతి అందింది. చదివాను, మర్నాడు మళ్ళీ చదివాను. పిల్లలు పైకి చదువుకోవడానికి వీలైన వాక్యం నీకు వచ్చు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కాబట్టి మిగతా సంగతులు మొహమాటం లేకుండా చెబుతాను.

న్యూఫౌండ్‌లాండ్ నుంచి వాంకూవర్ దాకా దేశమంతా ఒక్క పుస్తకంలో పెట్టాలని చూశావు. మేపుల్ ఆకు, నయాగరా, ధ్రువపు ఎలుగుబంటి, నడుమ ఒక పేజీలో ఆదివాసులు. కోటి చదరపు కిలోమీటర్లకి కాస్త తక్కువ దేశం అది. ఎనిమిదేళ్ళ పిల్లకి పేర్లు తప్ప ఏమీ మిగలవు. టొరంటో పక్కన నువ్వుండే మిసిసాగా ఒక్కటి తీసుకో. నీ కథలో పాప స్కూల్ బస్సులో క్రెడిట్ నది దాటుతుంది కదా, అక్కడ బస్సు ఆపు.

ఆ ఊరికి ఆ పేరు మిసిసాగా జనం వల్ల వచ్చింది. అనిషినాబే అనే ఆదివాసీ జాతుల్లో వాళ్ళొకరు. ఆ నదిలో సాల్మన్ చేపలు పట్టుకుని బతికారు. 1820లలో నది ఒడ్డున ఇళ్ళు, బడి, చర్చి కట్టుకుని ఒక ఊరు వేసుకున్నారు. చుట్టూ వలస వచ్చినవాళ్ళు పెరిగారు, చేపలు తగ్గాయి, నేల మీద హక్కు పత్రం ఇమ్మని ఎంత అడిగినా చేతికి రాలేదు. 1847లో ఊరు ఊరంతా లేచిపోయింది. హేగర్స్‌విల్ దగ్గర సిక్స్ నేషన్స్ అనే మరో ఆదివాసీ కూటమి వాళ్ళు తమ భూమిలో చోటిస్తే అక్కడికి చేరారు. పాత ఊరున్న చోట ఇప్పుడు గోల్ఫ్ క్లబ్ ఉంది. టొరంటో నేలని 1805లో బ్రిటిష్ పాలకులు తమ దగ్గర తీసుకున్న తీరు మీద మిసిసాగా జనం వేసిన దావా 2010లో తేలింది. ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించింది. మన పాప రోజూ దాటే నది కథ ఇది. దీన్ని వదిలేసి ఎలుగుబంటి దగ్గరికి పరుగెందుకమ్మా?

నీ ఆదివాసుల పేజీలో క్రియలన్నీ ‘వేటాడేవారు, ఉండేవారు, పాడేవారు’ అని ఉన్నాయి. పైన ‘అనగనగా’ అని మొదలు. పిల్లలకి అనగనగా అంటే రాజులు, రాక్షసులు. ఇప్పుడు లేనివాళ్ళు. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో ఆదివాసులు 18 లక్షలకు పైనే. నర్సులు, లాయర్లు, హాకీ ఆటగాళ్ళు, మన పాప క్లాసులో పక్క సీటు పిల్లాడు కూడా కావచ్చు. ఆ క్రియలు మార్చు. పాతకాలం సంగతి చెప్పాల్సిన చోట ఏ కాలమో చెప్పి మరీ రాయి. ‘రెడ్ ఇండియన్లు’, ‘ఎస్కిమోలు’ అన్న మాటలు మన పాఠ్యపుస్తకాల అలవాటు, అవీ తీసెయ్.

ఏడో పేజీ బొమ్మ చూసి బాధ కలిగింది. ఒకే గుట్ట మీద చెక్కిన టోటెమ్ స్తంభం, పక్కన టీపీ డేరా, వెనక మంచు ఇల్లు. రాజస్థాన్ ఎడారిలో కేరళ పడవ పెట్టి అందులో కశ్మీరు కుంపటి వెలిగించినట్టుంది. స్తంభాలు పసిఫిక్ తీరంలో హైడా లాంటి జాతులవి, దేవదారు మానుల్లో చెక్కుతారు. టీపీలు అడవిదున్నలు తిరిగిన మైదానాలవి. మంచు ఇల్లు ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌లది. ఇక క్రెడిట్ నది ఒడ్డున వెనకటికి ఉన్నవి బర్చ్ చెట్టు పట్ట కప్పిన గుండ్రటి ఇళ్ళు. ఆర్టిస్టుకి ‘ఆదివాసుల ఇల్లు’ అని చెబితే ఇలాగే వస్తుంది. ఏ జాతి, ఏ ఊరు, ఏ కాలం, ఈ మూడూ రాసివ్వు.

సెప్టెంబరు 30, ఆరెంజ్ షర్ట్ డే గురించి ఒక్క ముక్క కూడా లేదు. పిల్లలు భయపడతారని వదిలేశావేమో. వాళ్ళకి బడిలో ముందే చెబుతున్నారమ్మా. ‘అమ్మా, రేపు ఆరెంజ్ షర్ట్ వేసుకెళ్ళాలి’ అని పిల్ల వచ్చి అడిగితే, అదేదో కలర్ డే అనుకునేది మన ఇళ్ళలో పెద్దవాళ్ళే. ఫిలిస్ వెబ్‌స్టడ్ అనే ఆదివాసీ మహిళ 1973లో, ఆరేళ్ళ వయసులో, అమ్మమ్మ కొనిచ్చిన కొత్త ఆరెంజ్ చొక్కా వేసుకుని మిషన్ స్కూలుకి వెళ్ళింది. మొదటి రోజే ఆ చొక్కా విప్పించి తీసేసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. లక్షా యాభై వేల మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని అలాంటి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టి, వాళ్ళ భాష నోట రాకుండా చేశారు. చాలామంది తిరిగి ఇంటికి రాలేదు. ఆరేళ్ళ పిల్లకి చొక్కా దాకా చెప్పు, పదేళ్ళ పిల్లకి మిగతాది చెప్పు. నీ పుస్తకం చదివి వినిపించేది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ కావచ్చు. ఆవిడకీ అక్కడే తెలుస్తుంది.

ఇక నీ పుస్తకంలో పసిఫిక్ తీరపు ఆదివాసుల కాకి కథ. చాలా బాగా రాశావు, అయినా తీసెయ్యమంటున్నాను. పసిఫిక్ తీరపు జాతుల్లో కథలకి, పాటలకి హక్కుదారులుంటారు. ఈ కథ ఫలానా వంశానిది, వాళ్ళు చెప్పాలి లేదా వాళ్ళ అనుమతితో చెప్పాలి. కొన్ని జాతుల్లో కొన్ని కథలు నేల మీద మంచున్నప్పుడే చెబుతారు. మనం పంచతంత్రాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళం చెప్పుకుంటాం కాబట్టి ఈ పట్టింపు మనకి కొత్త. ఆ కథలు పిల్లలకి కావాలంటే వాళ్ళే రాసిన పుస్తకాలున్నాయి. ఉత్తరాన ఇకాలూయిట్ ఊళ్ళో ఇన్యూట్‌ల సొంత ప్రచురణ సంస్థ ఇన్హాబిట్ మీడియా ఉంది. పుస్తకం చివర అలాంటివి సూచించు.

ఉత్తరాది కథ ఒకటైనా ఉండాలనిపిస్తే ఫ్రాంక్లిన్ నౌకలు ఉండనే ఉన్నాయి. 1845లో ఫ్రాంక్లిన్ నాయకత్వంలో బ్రిటన్ నుంచి బయలుదేరిన రెండు ఓడలు 129 మందితో ఆర్కిటిక్ మంచులో చిక్కుకుపోయాయి. ఎవరూ బతకలేదు. ఏం జరిగిందో ఇన్యూట్‌లు చెబుతూనే ఉన్నారు. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు ఆ మాటలు లండన్‌కి మోసుకెళ్తే అక్కడి పెద్దలు కొట్టిపారేశారు. ఆ ఓడల్లో ఒకటి, ఎరెబస్, 2014లో దొరికింది, ఇన్యూట్‌లు తరతరాలుగా చెప్పుకున్న ప్రాంతంలోనే. రెండేళ్ళకి రెండోది, టెర్రర్, దొరికింది. మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన కొయ్యని ఒకప్పుడు చూశానని సామీ కోగ్విక్ అనే ఇన్యూట్ వేటగాడు చెబితే అటు వెళ్ళి వెతికారు. అచ్చం డిటెక్టివ్ కథ. వాళ్ళ వంశానికి చెందిన కథని మనం తీసుకున్నట్టూ కాదు, బయటివాళ్ళు వినిపించుకోని చరిత్రని పిల్లలకి చెప్పినట్టు.

మిసిసాగా భాగం పూర్తయ్యాక ఇంగ్లిష్‌లోకి మార్చి మిసిసాగా ఫస్ట్ నేషన్ వాళ్ళకి, అంటే ఆ ఆదివాసీ సమాజానికి, పంపి చదివిపెట్టమని అడుగు. ఊరికే చేయించుకోకు, డబ్బివ్వు. పబ్లిషర్లు బొమ్మల ఖర్చు, ప్రూఫుల ఖర్చు లెక్క వేస్తారు కానీ ఇది వేయరు. సంతకం పెట్టకముందే ఒప్పందంలో రాయించు. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి సంక్రాంతికే విడుదల అని పట్టు పట్టకు. ఈలోగా కాకి కథ తీసేసిన పేజీల్లో ఫ్రాంక్లిన్ ఓడల కథ రాసి పంపు, చూస్తాను.