పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా ఏమీ కాదంటారు కదా, బాల్కనీకి వల అవసరమా?

అవసరమే; పిల్లులు బాల్కనీల నుంచి నిజంగానే పడిపోతాయి, పడితే దెబ్బలూ గట్టిగానే తగులుతాయి. గాల్లో ఒళ్లు తిప్పుకొని కాళ్ల మీద వాలే ఒడుపు వాటికి ఉన్న మాట నిజం. కానీ దానివల్ల నేలను తాకే వేగం తగ్గదు. ఊపిరితిత్తులకు దెబ్బ, అంగిలి చీలడం, దవడో కాళ్లో విరగడం ఇలా పడిన పిల్లుల్లో తరచూ కనిపించేవే.

చెట్టు బెరడులో దిగే గోళ్లు గ్రానైట్ మీద, స్టీల్ రెయిలింగ్ మీద దిగవు. హైదరాబాద్‌లో ఓ నాలుగో అంతస్తు ఫ్లాట్ అనుకోండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద పావురం వాలింది. పిట్టగోడ మీది పిల్లి తోక కొస ఆడిస్తూ, చూపంతా దాని మీదే పెట్టి, వెనక కాళ్లు కూడదీసుకుంటుంది. పావురం ఎగరగానే దూకేస్తుంది. ఆ క్షణంలో అంచు సంగతి దానికి పట్టదు.

'పడినా బతికేస్తాయి' అనే మాటకు బలమిచ్చింది 1987లో న్యూయార్క్ పశువైద్యులు ప్రకటించిన లెక్క. అలా పడి ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లుల్లో, చికిత్స చేసినవాటిలో సుమారు 90 శాతం బతికాయి. అయితే పడినచోటే చనిపోయినవాటిని ఆస్పత్రికి ఎవరు తెస్తారు? అవి ఆ లెక్కలోకే రాలేదు.

పావురాల కోసం కట్టే పల్చటి నైలాన్ వలను కొన్ని పిల్లులు కొరికేస్తాయి. గట్టి వలను, తల పట్టనంత చిన్న కళ్లున్నది, పైనుంచి కిందదాకా బిగించండి. పడిన పిల్లి మామూలుగా నడుస్తున్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి, లోపలి దెబ్బ పైకి కనిపించదు.