బేస్‌మెంట్‌లో కారుతున్న రాగి పైపు గురించి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. పైపు మీద ఆ పచ్చటి మచ్చ మన ఇంట్లో రాగి చెంబుకు పట్టే చిలుం లాంటిదే. ఇక్కడ మాత్రం చింతపండుతో తోమితే పోయేది కాదు. అంత మచ్చ కట్టిందంటే చాన్నాళ్లుగా అక్కడ నీరు ఊరుతోందన్నమాట.

ముందు నీళ్లు కట్టెయ్. మన న్యూజెర్సీ ఇళ్లలో మెయిన్ వాల్వ్ సాధారణంగా బేస్‌మెంట్‌లో మీటరు పక్కనే ఉంటుంది. పొడుగు పిడి ఉంటే పావు చుట్టు చాలు, పిడి పైపుకు అడ్డంగా వస్తే మూసుకున్నట్టు. గుండ్రటిదైతే కుడివైపుకు తిప్పు. ఏళ్లుగా ముట్టుకోనిది బిగుసుకుపోతుంది, దాన్ని బలవంతం చెయ్యకు. వాటర్ హీటర్ కరెంటుదైతే బ్రేకర్ ఆపెయ్. నీళ్లు లేకుండా వేడెక్కితే లోపలి ఎలిమెంట్ మాడిపోతుంది. తర్వాత కిందా పైనా కుళాయిలు తెరిస్తే పైపుల్లో మిగిలిన నీళ్లు దిగిపోతాయి.

పైపును తుడిచి బాగా చూడు. కారేది అతుకు దగ్గరా, పైపు మధ్యలోనా? అతుకైతే అక్కడ మాటు వదిలింది, మళ్లీ వేయిస్తే సరిపోతుంది. మధ్యలో సూదిమొనంత రంధ్రమైతేనే నాకు టెన్షన్. నీటిలో ఆమ్లగుణం ఎక్కువైనా, నీళ్లు మరీ జోరుగా పారినా, మాటు వేసినప్పుడు అతుకు పట్టడానికి రాసే ఫ్లక్స్ అనే లేపనం ఎక్కువై లోపల మిగిలిపోయినా రాగి లోపలి నుంచి తినేసుకుపోతుంది. అప్పుడు పక్కన కూడా పైపు పలచబడే ఉంటుంది.

మా ఇంట్లో అలాంటి రంధ్రానికే రబ్బరు ముక్క పెట్టి క్లాంపు బిగించి, పని అయిపోయిందనుకున్నాను. నాలుగు నెలలకు రెండడుగుల అవతల కారింది. కింద పెట్టెలో దాచిన మీ నానమ్మ పట్టుచీరలు తడిసి రంగు దిగిపోయాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. క్లాంపు వేస్తే వెయ్యి, కానీ ప్లంబరు వచ్చేదాకానే.

అల్లుడుగారు మంట వచ్చే గ్యాస్ టార్చ్ కొని తనే మాటు వేస్తానన్నారట. వద్దని నా మాటగా చెప్పమ్మా. పైపులో చుక్క నీరున్నా మాటు సరిగ్గా కరగదు, పైన ఉన్నవేమో కర్ర దూలాలు.

ప్లంబరు వచ్చినప్పుడు ప్రెషర్ కొలవమను. 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్ల లెక్క) దాటితే ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టించాలి. పైపు మీద ఎర్ర అక్షరాలుంటే అది పలచటి ఎం రకం, కొత్త ముక్క నీలం అక్షరాల ఎల్ రకంతో వేయించు. ప్లాస్టిక్ పైపు వేస్తానంటే, ఇంటి కరెంటు ఎర్తింగ్ ఆ రాగి పైపుకే కట్టి ఉందేమో చూడమను. పాత ఇళ్లలో అలా ఉంటుంది.

ఇంకో మాట. సీసం కలిసిన మాటును ఇక్కడ 1986లో నిషేధించారు, మీ ఇల్లేమో అంతకు ముందు కట్టింది. వేడినీళ్లలోకి సీసం ఎక్కువ దిగుతుంది కాబట్టి వంటకూ తాగడానికీ వేడినీళ్ల కుళాయి వాడకు. పొద్దున్నే చన్నీళ్లు కాసేపు వదిలేసి పట్టుకో, పాపకు పాలు కలిపేటప్పుడు మరీ ముఖ్యం.

ఈ రాత్రికి కింద బకెట్ పెట్టి, అక్కడున్న పెట్టెలన్నీ పక్కకు జరుపు. వాల్వ్ దొరక్కపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, వచ్చేస్తాను.

మీ పెదనాన్న