ష్రింప్ బాయిల్‌లో ఉప్పు ముందు, రొయ్య చివర

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని సవానాలో తిన్న లోకంట్రీ బాయిల్ (రొయ్యలు, బంగాళాదుంపలు, మొక్కజొన్న, సాసేజ్ ఒకే గిన్నెలో ఉడికించే వంట, ష్రింప్ బాయిల్ అన్నా ఇదే) ఇంట్లో చేస్తే రొయ్యలు రబ్బరులా సాగాయనీ, దుంపలు చప్పగా ఉన్నాయనీ రాశారు. అపార్ట్‌మెంట్‌లో కరెంటు పొయ్యి మీద అసలు కుదురుతుందా, మేం పంది మాంసం తినం ఎలా అని కూడా అడిగారు. తప్పకుండా కుదురుతుంది. మేం సవానాలో ఆరేళ్లు ఉన్నాం, ఇప్పుడు ఒహాయోలో ఉంటున్నా ఏటా రెండు మూడుసార్లు చేసుకుంటాం. మొదటిసారి మాకూ అచ్చం మీకు జరిగినట్టే జరిగింది. పన్నెండు మందిని భోజనానికి పిలిచి, అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పదిహేను నిమిషాలు ఉడికించాను. పిల్లలు రొయ్యలు నమల్లేక పక్కన పెట్టేశారు. ఆ రాత్రి చాలా బాధేసింది.

తర్వాత మా పక్కింటి పెద్దావిడ నన్ను తన వంటింట్లో నిలబెట్టి మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించారు. ఆవిడ పుట్టి పెరిగింది దక్షిణ కరోలినాలో, బ్యూఫోర్ట్ దగ్గర. నా తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. మన చెయ్యి ఇగురుకు అలవాటు పడింది. మాది భీమవరం దగ్గర పల్లె. అమ్మ రొయ్యలు ఒలిచి, ఉప్పూ పసుపూ వేసి కడిగి, నీరంతా ఇగిరేదాకా ఉడికించి, ఆ తర్వాత మసాలా పట్టిస్తుంది. ఈ వంటలో మసాలా అంతా ఎసట్లోనే ఉంటుంది. ఎసరు చప్పగా ఉంటే, దించాక పైన ఎంత జల్లినా దుంప లోపలికి దిగదు.

నలుగురైదుగురికి సరిపడా కొలత చెప్తాను. ఐదు లీటర్ల నీళ్లు, అర కప్పు ఓల్డ్ బే పొడి, రెండు మూడు టేబుల్ స్పూన్ల ఉప్పు, రెండు నిమ్మకాయలు సగానికి కోసి పిండి ఆ తొక్కలతో సహా, అడ్డంగా కోసిన ఒక వెల్లుల్లి గడ్డ, నాలుగేసి ముక్కలు చేసిన రెండు ఉల్లిపాయలు. ఓల్డ్ బే అంటే ప్రధానంగా సెలరీ ఉప్పు, మిరప, మిరియాలు, పాప్రికా. దానిలోనే ఉప్పు ఉంది కదా అని విడిగా వేయడం మానకండి, నేను మొదటిసారి చేసిన పొరపాటు అదే. నీళ్లు తెర్లాక గరిటెతో కాస్త తీసి చల్లార్చి నాలుక మీద వేసుకోండి. మంచి పులుసుకంటే ఒక పాలు ఎక్కువ ఉప్పగా తగలాలి. మన నాలుకకు కారం చాలకపోతే ఎండుమిరపకాయలు తుంచి ఎసట్లోనే వేయండి. గరం మసాలా, ధనియాల పొడి మాత్రం వద్దు. అవి వేస్తే మొక్కజొన్న తీపి, రొయ్య తీపి రెండూ మరుగున పడిపోతాయి.

ఎసరు కుదిరాక మిగతాదంతా వరుస. ముందు చిన్న ఎర్ర దుంపలు, ఒకటిన్నర పౌండ్లు, తొక్కతోనే వేసి పది పన్నెండు నిమిషాలు. చాకు గుచ్చితే దిగాలి కానీ నడుమ ఇంకా కాస్త బిరుసు ఉండాలి. అప్పుడు ఒక పౌండు స్మోక్డ్ సాసేజ్ ముక్కలు, సగానికి విరిచిన నాలుగు మొక్కజొన్న పొత్తులు వేసి ఇంకో ఐదారు నిమిషాలు. నీళ్లు మళ్లీ బాగా తెర్లుతుండగా రెండు పౌండ్ల రొయ్యలు వేసి, ఒకసారి కలిపి, మూత పెట్టి పొయ్యి ఆపేయండి. మూడో నిమిషంలో మూత తీసి చూడండి. గులాబీ రంగు వచ్చి కొడవలిలా వంగితే అయిపోయినట్టే. చక్రంలా ముడుచుకుంటే ఆలస్యమైనట్టు. అయిన వెంటనే పెద్ద జల్లెడ గిన్నెలోకి వంచేయండి. నీళ్లలో వదిలేస్తే పొయ్యి ఆపినా ఉడుకుతూనే ఉంటాయి.

లూసియానా వాళ్ల వీడియోలు చూసి పొయ్యి ఆపాక అరగంట నానబెట్టకండి. అక్కడ రొయ్యల్ని నానబెట్టేవాళ్లు ఐసు వేసి నీళ్ల వేడి తగ్గించాకే ఆ పని చేస్తారు. వీడియోలో ఆ ఐసు సంగతి మన కంటికి ఆనదు.

రొయ్యలు కొనేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ప్యాకెట్ వెనక చదవండి. మీ రబ్బరు సమస్యకు సగం కారణం అక్కడే ఉండొచ్చు. పదార్థాల్లో రొయ్యలు, ఉప్పు తప్ప ఇంకేమీ లేనిది తీసుకోండి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే ఆ రొయ్య నీరు పట్టి ఉంటుంది, ఉడికాక పంటి కింద సాగుతుంది. ముందే ఉడికించి గులాబీ రంగులో అమ్మేవి ఈ వంటకు అసలు పనికిరావు. పెంకుతో ఉన్నవి, పౌండుకు 21 నుంచి 25 తూగేవి తీసుకోండి. వంటింటి కత్తెరతో వీపు మీద పెంకు చీల్చి నల్ల నరం లాగేయండి, పెంకు మాత్రం ఉంచండి. రుచిని పట్టి ఉంచేది అదే, మాంసం గట్టిపడకుండా కాచేదీ అదే. ఫ్రీజర్‌లోవైతే చల్లటి నీళ్లలో అరగంట ఉంచి పూర్తిగా కరగనివ్వండి. సవానాలో ఉన్నప్పుడు వేసవిలో బ్రౌన్ ష్రింప్, తర్వాత చలికాలం వచ్చేదాకా వైట్ ష్రింప్ దొరికేవి. పడవ మీద నుంచి దిగిన ఆ రొయ్యల రుచి వేరు. ఒహాయోలో కొనే ప్యాకెట్ల మీద చాలాసార్లు ఇండియా పేరే ఉంటుంది. అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో చాలా ఏళ్లుగా మనదే ముందు, అందులో ఆంధ్ర చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య చాలా ఎక్కువ. ఆ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మా ఊరి చెరువు గట్లు, నీళ్లకు గాలి పట్టించడానికి రాత్రంతా తిరిగే ఏరేటర్ల చప్పుడు గుర్తొస్తాయి.

సాసేజ్‌కి టెన్షన్ అక్కర్లేదు. టర్కీ, చికెన్ స్మోక్డ్ సాసేజ్‌లు దాదాపు అన్ని పెద్ద షాపుల్లో దొరుకుతాయి. వాటికి కొవ్వు తక్కువ కాబట్టి ముక్కల్ని ముందుగా పెనం మీద ఎర్రగా వేపి వేయండి. ఆందూయ్ (andouille) అని రాసి ఉంటే సాధారణంగా అది పంది మాంసమే, చూసుకోండి.

కరెంటు పొయ్యి మీద అసలు చిక్కు నీళ్లు తెర్లడానికి పట్టే సమయం. సగం నీళ్లు కెటిల్‌లో కాచి పోయండి, మూత తీయకండి. ఎనిమిది క్వార్ట్‌ల (సుమారు ఏడున్నర లీటర్ల) గిన్నె ఈ కొలతకు చాలదు, పన్నెండుది ఉంటే హాయి. ఇంకా ఎక్కువ మందికైతే రెండు విడతలుగా చేయండి. పెరట్లో వాడే ప్రొపేన్ బర్నర్‌ని ఇంట్లోకి గానీ, గరాజ్‌లోకి గానీ, మూసి ఉన్న బాల్కనీలోకి గానీ ఎప్పుడూ తేవొద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

దీనికి ఫ్రాగ్‌మోర్ స్టూ అనే పేరు కూడా వినే ఉంటారు. ఇందులో కప్పలూ లేవు, పులుసూ లేదు. ఫ్రాగ్‌మోర్ అంటే బ్యూఫోర్ట్ దగ్గర సెయింట్ హెలెనా దీవిలో ఒక ఊరు. ఆ దీవి గల్లా గీచీ ప్రజలది, అంటే బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులది. బానిసత్వం నుంచి బయటపడ్డ ఆఫ్రికన్ల పిల్లలు చదువుకోవాలని 1862లో పెన్ స్కూల్ మొదలైంది కూడా అక్కడే. రొయ్యలు, మొక్కజొన్న ఒకే గిన్నెలో పదిమందికి వండుకునే పద్ధతి గురించి మా పక్కింటావిడ ఎంతో ప్రేమగా చెప్పేవారు.

మీ ఇంటికి శాకాహారులు వస్తుంటే సాసేజ్ వేయకముందే అదే ఎసరు వేరే గిన్నెలోకి తీసి, వాళ్ల దుంపలు, పొత్తులు అందులో ఉడికించండి. రొయ్యలంటే ఎలర్జీ ఉన్నవాళ్లకైతే అది కూడా చాలదు, గిన్నె, గరిటె, జల్లెడ అన్నీ వేరే ఉండాలి. పిలిచేటప్పుడే అడిగి తెలుసుకోండి.

వంచిన వెంటనే బల్ల మీద కాగితం పరిచి అన్నీ కుప్పగా పోయండి. వెన్న కరిగించి వెల్లుల్లి, నిమ్మరసం, చిటికెడు ఓల్డ్ బే కలిపి చిన్న గిన్నెల్లో పెట్టండి. మిగిలితే రొయ్యలు ఒలిచి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చల్లగానే తినండి, మళ్లీ వేడి చేయకండి. దుంపల్ని మాత్రం చక్రాలుగా కోసి పెనం మీద వెన్నలో ఎర్రగా వేపండి. మా పిల్లలు వాటి కోసమే కావాలని నాలుగు దుంపలు మిగిలిస్తారు.